రవంత దగ్గు

శశికళ మిస్ హాస్టల్లో జబ్బు అనే మాట లేదు, నాటకం అనే మాట ఉంది. తలనొప్పి నాటకం, కడుపునొప్పి నాటకం. పదేళ్ల రంజని తొమ్మిది రోజులుగా ఊపిరాడకుండా దగ్గుతుంటే అదీ నాటకమే. రాబర్ట్‌సన్‌పేట అవతల, కోలారు బంగారు గనుల కాలంలో తెల్లదొరలు కట్టుకున్న పాత బంగళాలో నడిచే ఆ ఆడపిల్లల హాస్టల్‌కు ఆవిడ వార్డెన్. పొద్దున ఐదుకు చన్నీళ్ల స్నానం, ఐదున్నరకు ప్రార్థన. గదిలో ఒక్కరు తక్కువైనా ఆ గదికంతా టిఫిన్ బంద్. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి! ఆవిడ బెత్తం పట్టుకోనక్కర్లేదు, ఆకలేసిన పిల్లలే ఒకరినొకరు లాక్కొస్తారు.

చైత్ర కూడా లాక్కొచ్చింది. ఎనిమిదో తరగతి, రంజనిది పక్క మంచం. శుక్రవారం పొద్దున దుప్పటి లాగేసి, రెక్క పట్టుకుని తొట్టి దగ్గరికి ఈడ్చుకెళ్లి, తలమీద చెంబుడు చన్నీళ్లు కుమ్మరించింది. ఆ పిల్ల ఏడవలేదు. ఏడవడానికి ఊపిరి చాలలేదు. ఆ రోజు టిఫిన్‌కు తిన్న ఉప్పిట్టు చైత్రకు అరగలేదు. ఆదివారం నాయన రాగానే చెప్పేయాలని అప్పుడే అనుకుంది. రంజనిని ఆసుపత్రికైనా పంపాలి, ఇంటికైనా పంపాలి.

ఆదివారం చైత్ర నాయన ఓబలప్ప శ్రీనివాసపురం నుంచి బస్సులో మామిడిపళ్ల బుట్ట మోసుకొచ్చాడు. కూతురికి కాదు, వార్డెన్‌కు.

"మా తోటలోవి తల్లీ. బిడ్డను మీ చేతుల్లో పెట్టినాము. చెప్పినట్టు ఇనకుంటే రెండు తగిలించండి, నేనేమీ అనుకోను."

శశికళ మిస్ ఎంత తియ్యగా నవ్విందో! చైత్రకు ఒళ్లు మండిపోయింది. నాయనను చెయ్యి పట్టుకుని వరండా చివరికి తీసుకెళ్లి గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది.

"రంజని వాళ్ళమ్మకు ఫోన్ చెయ్యి నాయనా."

"ఫోను గేటుకాడ ఇచ్చేసినాను కదమ్మా. లోపలికి తేకూడదంట."

"పోయేటప్పుడు తీసుకుంటావు కదా, అప్పుడు చెయ్యి. పాపకు చానా బాగలేదు, వచ్చి పిల్చుకోని పొమ్మని చెప్పు."

"వాళ్ళది యాడ?"

"టేకల్ పక్కన. పట్టుపురుగులు మేపతారు."

ఓబలప్ప ముఖం వెలిగింది. తానూ పదేళ్లు పురుగులు మేపినవాడే. "అట్లనా! పురుగులు యా మట్టుకు వచ్చినాయంట?"

చైత్రకు నెత్తి కొట్టుకోవాలనిపించింది. "రేపో ఎల్లుండో పండుతాయంట. అది నీకెందుకు నాయనా ఇప్పుడు?"

"ఎందుకేమి? పండిన పురుగును ఆ పూటే ఏరి గూడు కట్టే తట్టలో ఎయ్యకుంటే పంటంతా పాయె కదమ్మా. పాపం, ఆ తల్లికి ఊపిరి తిరగని పని." నంబరు రాసిచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "చేస్తాలే. దిగులు పడొద్దు."

సాయంత్రమైంది. ఎవరూ రాలేదు. సోమవారం గేటు కిర్రుమన్నప్పుడల్లా చైత్ర కిటికీ దగ్గరికి పరుగెత్తింది. పాలవాడు వచ్చాడు, కూరగాయల ఆటో వచ్చింది. టేకల్ నుంచి మాత్రం ఎవరూ రాలేదు. నాయన మరిచిపోయాడేమో, కాగితం బస్సులో పడిపోయిందేమో అని తిట్టుకుంటూ మంగళవారం ధైర్యం చేసి తానే ఆఫీసు గదికి వెళ్లింది.

"మిస్, రంజనికి ఒళ్లు కాలిపోతా ఉంది."

"నువ్వెప్పుడు డాక్టరైనావు?" అంది శశికళ మిస్. ముసురుగాలిలో మధ్యాహ్నం దాకా వరండాలో నిలబెట్టింది.

బుధవారం ప్రార్థనలో రంజని నిలబడిన చోటే కూలిపోయింది. పెదవులు నీలంగా ఉన్నాయి. అంబులెన్స్ వచ్చింది. శశికళ మిస్ దాని వెనకాలే పరుగెత్తుతూ, "అయ్యో, ఒక్కరూ నాతో చెప్పలేదే!" అని అందరికీ వినపడేలా అంది.

గురువారం మధ్యాహ్నం రంజని వాళ్ళమ్మ సొన్నమ్మ వచ్చింది, కూతురి బట్టలు తీసుకుపోవడానికి. కళ్లు వాచి ఉన్నాయి. మంచం కింద పెట్టె లాగుతుంటే చైత్ర సాయం పట్టింది.

"ఎట్లా ఉండాదమ్మా?"

"కోలారు ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టినారు. ఇంగా కండ్లు తెరవలే. నాలుగు దినాలు ముందర తెచ్చింటే అంటాడు డాక్టరు."

"మా నాయన ఫోన్ చెయ్యలేదా?"

సొన్నమ్మ తలెత్తి చూసింది. "ఓబలప్పన్న బిడ్డవా నువ్వు? చేసినాడు తల్లీ, ఆదివారమే చేసినాడు. పాపకు రవంత దగ్గు, వార్డెనమ్మ బాగా చూసుకుంటా ఉండాది, పండే పురుగుల్ని ఇడిసిపెట్టి రావొద్దమ్మా, గూళ్ళు కట్టినాక నిదానంగా రా అన్నాడు. అయినా దగ్గు అనేసరికి సంచి కూడా సర్దుకోనింటిని. ఆయన మాట మీద నిలిచిపోతిని."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అదే చైత్రకు భరించరానిదైంది. నాయన మరిచిపోలేదు, కాగితం పారేసుకోలేదు. ఒక రైతు కష్టం ఇంకో రైతుకు తెలుసు కాబట్టి, మంచి మనసుతో, నిండా మంచి మనసుతో ఆ పని చేశాడు. ఈ ఫోను సంగతిలో పళ్లు కొరుక్కోవడానికైనా ఒక దుర్మార్గుడు దొరకలేదు.

"పంట బాగా వచ్చినాది," అంది సొన్నమ్మ, బట్టలు మడుస్తూ. "గూళ్ళు గట్టిగా కట్టినాయి." ఆ మాట అన్నాక చేతిలోని గౌను ముఖానికి అదుముకుంది.

వెళ్తూ వెళ్తూ చైత్ర తల నిమిరింది. "మీ నాయనకు ఈ సంగతి చెప్పొద్దమ్మా. మంచాయన, నొచ్చుకుంటాడు."

"చెప్తాను," అంది చైత్ర. ఆ మాట గదంతా వినపడింది. "నొచ్చుకోనీ. ఈసారి ఆయన ఇనేదాకా చెప్తాను."