ముఖం కనపడని ఫోటో

దమ్మపేటలో ప్రభాకర్ తన భార్య చెయ్యి విరగ్గొట్టాడు, కూర చల్లారిందని. పామాయిల్ తోటల ఆసామికి ఆమాత్రం కోపం ఉంటుందిలే అని పెద్దమనుషులు సర్దిచెప్పారు. వాళ్ళ చేతులు బాగానే ఉన్నాయి కాబట్టి చెప్పగలిగారు. ఆ భార్య ఉదయశ్రీ మాత్రం ఈసారి సర్దుకోలేదు. కట్టు కట్టించుకుని, స్టేషన్లో కేసు పెట్టి, తిన్నగా ఆరిఫా దగ్గరికొచ్చింది.

"ఈసారి చంపేస్తాడమ్మా. ఎక్కడన్నా దాచిపెట్టు," అంది.

ఆరిఫా ఖమ్మం పిల్ల. సర్కారు యూనివర్సిటీలో సోషల్ వర్క్ పీజీ రెండో సంవత్సరం చదువుతూ, ఫీల్డ్‌వర్క్ కోసం దమ్మపేట వీధులు తిరుగుతోంది. పరుపుల దుకాణం నడిపే తండ్రి సలీంకు ఆ చదువేమిటో ఎప్పుడూ అంతుబట్టలేదు. "మంది ఇళ్ళల్ల కొట్లాటలు తీర్చనీకె గూడ పట్టా కావాల్నా బిడ్డా?" అని నవ్వేవాడు. ఆరిఫా నవ్వేది కాదు. పుస్తకంలో రాసిన నియమాలన్నిటినీ మనసారా నమ్మిన పిల్ల. సాయం కోరి వచ్చిన మనిషి ముఖం గానీ, పేరు గానీ బయటికి పొక్కకూడదన్న నియమమైతే ఆమెకు నమాజుతో సమానం.

ప్రభాకర్ మొదట వెతికేది ఉదయశ్రీ పుట్టింట్లోనూ, ఆడవాళ్ళ హాస్టళ్ళలోనూ. అందుకని ఆరిఫా ఆమెను తన తల్లి చెల్లెలు తాహెరా ఇంటికి తీసుకుపోయింది. తాహెరా ఖాలాది భద్రాచలం అవతల, అడవి అంచునున్న చిన్న ఊరు. మొగుడు పోయాక కుట్టుమిషన్‌నే నమ్ముకుని బతుకుతున్న మనిషి. ఉదయశ్రీని ఎగాదిగా చూసి, "ఉండనియ్యి. నాకు గూడ మాట తోడుంటది," అంది. అంతకుమించి ఏమీ అడగలేదు.

ఇక్కడిదాకా ఆరిఫా చేసిందంతా బాగానే ఉంది. చెడగొట్టింది హాజరు.

కొందరు విద్యార్థులు ఊళ్ళకు పోకుండానే, మంచం మీద పడుకుని రిపోర్టులు రాస్తున్నారని ఫీల్డ్‌వర్క్ చూసే నిర్మలాదేవి మేడమ్‌కు ఒళ్ళు మండింది. ఫీల్డ్‌కు పోయిన ప్రతిరోజూ ఫోటో తీసి డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాలని రూలు పెట్టింది. అదీ మామూలు ఫోటో కాదు. తీసిన చోటు, ఊరూ వీధీ, చిన్న మ్యాపుతో సహా ఫోటో కింద దానంతటదే పడే యాప్‌తో తీయాలి. ఫోటో లేకపోతే హాజరు లేదు.

తాహెరా ఇంట్లో ఆరిఫా కూడా తీసింది. ఎంత జాగ్రత్త పడిందని! ఉదయశ్రీ ముఖం రాకుండా మెడ దగ్గరే ఆపింది. ఒళ్ళో పెట్టుకున్న చేతులు మాత్రం వచ్చేట్టు చూసుకుంది. పేరు రాయలేదు. "క్లయింట్ క్షేమం" అని రాసి గ్రూపులో పెట్టి, నియమం తప్పలేదని తృప్తి పడింది. కింద అచ్చయిన ఊరి పేరు ఆమె కంటికి ఆనలేదు. రోజూ ప్రతి ఫోటో కిందా ఉండేదే కదా, ఇంకెవరు చూస్తారు దాన్ని.

నాని చూశాడు. మొదటి సంవత్సరం కుర్రాడు, ప్రభాకర్ చిన్నాన్న కొడుకు. ఆ సంగతి ఆరిఫాకు తెలియదు. ఆ చేతి మీద కాలిన మచ్చ నానికి బాగా తెలుసు, ఆ చేతి వంట ఎన్నోసార్లు తిన్నవాడు. అన్న వెళ్ళి కాళ్ళావేళ్ళా పడి వదినను తెచ్చుకుంటాడనుకుని, ఫోటోను ప్రభాకర్‌కు పంపించాడు. అన్న సంగతి తెలిసీ అలా అనుకున్నాడంటే, అనుకోవడం సుఖంగా ఉండబట్టే.

మర్నాడు మధ్యాహ్నం తాహెరా జాకెట్టు కుడుతోంది. ఆరిఫా బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేస్తోంది. ఉదయశ్రీ ఒంటి చేత్తో గుండీలు ఏరుతోంది. ప్రభాకర్ చెప్పులతోనే లోపలికి వచ్చాడు. చేతిలో పామాయిల్ గెలలు కోసే కొడవలి, పొడుగాటి గడ నుంచి ఊడదీసింది.

"ఎవరు నువ్వు? ఏం గావాలె?" అంటూ తాహెరా లేచింది.

అతను ఆమెను చూడనైనా లేదు. ఉదయశ్రీ జుట్టు చేతికి చుట్టుకుని ఈడ్చాడు. విరిగిన చెయ్యి మిషన్ కాలికి కొట్టుకుని ఆమె కేక పెట్టింది. "నా మీద కేసు పెడతావా," అని కొడవలి ఎత్తాడు. మెడకు గురిపెట్టాడు, అందులో అనుమానం లేదు. తాహెరా అడ్డంగా చెయ్యి పెట్టింది. కత్తి ఆమె రెండు వేళ్ళు తెంపుకుని ఉదయశ్రీ భుజంలో దిగింది. తెల్లటి జాకెట్టు గుడ్డంతా ఎర్రబడింది.

అతను కత్తి ఊడబెరికి మళ్ళీ ఎత్తేసరికి ఆరిఫాలో ఏదో తెగింది. ఇస్త్రీపెట్టెను రెండు చేతులా ఎత్తి అతని ముఖాన కొట్టింది. పెట్టె మూత ఊడి నిప్పులు అతని కళ్ళ మీద, మెడ మీద పడ్డాయి. అతను గోడకు గుద్దుకుని పడిపోయినా ఆమె ఆపలేదు. కొట్టింది, కొట్టింది. ఇరుగుపొరుగు వచ్చి పెట్టె లాక్కునేదాకా కొట్టింది.

భద్రాచలం దవాఖానాలో ఒక వార్డులో తాహెరా, ఉదయశ్రీ. ఇంకో వార్డులో కట్లతో ప్రభాకర్, పక్కన కానిస్టేబుల్. బయట గేటు నిండా ప్రభాకర్ చుట్టాలు. తాహెరా కట్టు కట్టిన చెయ్యి చూసుకుని, "మిషన్ అమ్ముకోవాలె ఇగ," అంది, ఏడవకుండా. ఆరిఫాకు చచ్చిపోవాలనిపించింది.

భుజం కుట్లు కాస్త మానగానే ఉదయశ్రీ అడిగింది: "నేనక్కడున్నట్టు ఆయనకెట్ల తెలిసింది?"

"నా వల్ల," అని ఆరిఫా, పోలీసులు ప్రభాకర్ ఫోన్‌లో తనకు చూపించిన ఫోటో సంగతి చెప్పింది.

ఉదయశ్రీ మంచం మీది బట్టలు సంచిలో పెట్టుకుంది.

"నువ్వు మంచిదానివే," అంది. "నన్ను బతికించినదానివి కూడా. నాకింకో చోటుంది, పోతున్నా. ఎక్కడికో నీకు మాత్రం చెప్పను. నువ్వు అడగొద్దు."

ఆ మాట కొడవలి కంటే లోతుగా దిగింది. ఆరిఫా తలూపింది. ఉదయశ్రీ చెప్పులేసుకుంటుంటే, ఏ తలుపు నుంచి పోతుందో కూడా చూడకూడదని గోడ వైపు తిరిగి కూర్చుంది. అడుగుల చప్పుడు ఆగిపోయాక కూడా తిరగలేదు.

ఆ సాయంత్రం దవాఖానా మెట్ల మీద నాని ఎదురొచ్చాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అక్కా, వదిన ఎక్కడుంది? అన్నకు ఒక కన్ను పోయింది. కేసు వాపసు తీసుకుంటే చాలంటున్నారు మావాళ్ళు. ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడదాం. ఇద్దరి మాటా వినాలని మనం చదువుకున్నాం కదా."

"నాకు తెలవదు తమ్మీ."

"అబద్ధం చెప్పకు."

"నిజంగనే తెలవదు."

నాని ఆమె చెంప పగలగొట్టాడు. తర్వాత తన చెయ్యి తనే చూసుకున్నాడు, భయపడ్డట్టు. ఆ భయం ఎంతోసేపు నిలవలేదు. జుట్టు పట్టుకుని ఆమె తలను గోడకేసి కొట్టాడు.

"ఆరోజు అడక్కుండానే ఫోటో పెట్టి ఊరందరికీ చెప్పావు. ఇప్పుడు అడుగుతుంటే చెప్పవా?"

పెదవి చిట్లి ఆరిఫా నోరంతా ఉప్పగా అయింది. ఇంకో దెబ్బ పడింది. నొప్పికి కళ్ళు బైర్లు కమ్మాయి గానీ భయం మాత్రం లేదు. ఎంత కొట్టినా, చంపినా, తన దగ్గర వాళ్ళకు దొరికేదేమీ లేదు.

"తెలవదు," అంది మళ్ళీ.