రెండు పూటలా తాజాగా

"ఇది పొద్దుటిదేనా?" అన్నాడు భర్త, గిన్నె మీద మూత తీసి వాసన చూస్తూ.

జవాబు అతనికి తెలుసు. పెళ్ళయిన కొత్తలో నిజంగానే అడిగేవాడు. ఇప్పుడది అడగడం కాదు, చెప్పడం. పొద్దుటి కూర రాత్రికి తనకు సహించదని, మనిషన్నాక రెండు పూటలా తాజాగా తినాలని. మూత పెట్టేసి హాల్లోకి వెళ్తూ, "ఏదో ఒకటి చేసెయ్యిలే, సింపుల్‌గా" అన్నాడు, ఆమె మీద జాలి పడుతున్నట్టు. అరవడు, విసిరికొట్టడు. ఇరుగుపొరుగు వాళ్ళంతా అతన్ని బంగారంలాంటి మనిషి అనేది ఇందుకే.

ఆమె ఇంకా చెప్పులు విప్పిన చోటే నిలబడి ఉంది, భుజాన సంచితో. పొద్దున్నించీ క్లినిక్‌లో పరాయివాళ్ళ మోకాళ్ళు వంచి, బిగుసుకుపోయిన భుజాలు లేపి, పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన్ని తన నడుముకు ఆనించుకుని అడుగులు వేయించి వచ్చింది. ఫిజియోథెరపీ అన్న మాట వినడానికి సుకుమారంగానే ఉంటుంది. చేసేది మాత్రం మూటలు మోసే పని. మధ్యాహ్నం కాసేపు గోడకు చేరబడితే, క్లినిక్ నడిపే డాక్టరు అటుగా పోతూ, "కాస్త నవ్వు మొహం పెట్టమ్మా, నిన్ను చూస్తే పేషెంట్లకే నీరసం వస్తుంది" అన్నాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు కూడా ఒంట్లోంచి ఏదో తీసుకుపోయినట్టనిపించింది.

నిలబడి తరగలేక, బీన్స్ పళ్ళెంలో పోసుకుని వంటింట్లో నేలమీదే కూర్చుంది. వంటంటే పొయ్యి ముందు గడిపే సేపేనని అందరూ అనుకుంటారు. బస్సులో కమ్మీ పట్టుకుని వేలాడుతూ ఏం చెయ్యాలా అని తల బద్దలు కొట్టుకోవడం, నిన్న చేసింది ఇవాళ కాకుండా చూసుకోవడం, కూరల కొట్లో వాడిపోనివి ఏరుకోవడం, అదంతా ఎవరి లెక్కలోకీ రాదు. మోకాలి నొప్పయితే ఏం చెయ్యాలో ఆమె ఎవరికైనా చెప్పగలదు. 'ఇవాళేం కూర' అన్న మాట వినగానే ఒళ్ళంతా చచ్చుబడిపోతే ఏం చెయ్యాలో ఏ చదువులోనూ చెప్పలేదు. ఓపిక చేసుకోవాలి అంటారు అందరూ. దేంతో చేసుకోవాలి?

బాణలిలో నూనె పోసి, సన్నటి సెగ మీద పెట్టి, మళ్ళీ గోడకు చేరబడి తరుగుతోంది. కళ్ళు ఎప్పుడు మూతలు పడ్డాయో తెలీదు.

"అమ్మాయ్! నూనె!"

ఉలిక్కిపడి లేచేసరికి వంటిల్లంతా పొగ. అత్తగారు దగ్గుతూ పొయ్యి కట్టేస్తోంది. చాకు ఇంకా కోడలి చేతిలోనే ఉంది.

"ఏమిటా కమురు వాసన?" అని హాల్లోంచి కేకేశాడు భర్త. లేచి మాత్రం రాలేదు.

తలుపు తెరిచి పొగ బయటికి తోలి, అత్తగారు రోజూ అనే మాటే అందుకుంది. "మీ మామగారయితే పొద్దుటి కూర కంటితో చూసేవారు కాదు. జ్వరంతో మూలుగుతూ కూడా రెండు పూటలా వండాను, ఒక్కనాడూ కాదనలేదు."

"మరి ఆ పొద్దుటి కూర ఏమయ్యేది అత్తయ్యా?"

ఎత్తిపొడుపుగా అడగలేదు. నిద్రమత్తులో, నిజంగానే తెలుసుకోవాలనిపించి అడిగింది. ముసలావిడ తెల్లబోయింది.

"ఏమవుతుంది? నేను తినేదాన్ని. పారేస్తామా?"

"రోజూనా?"

"రోజూనే. ఆడదానికి ఏదైనా అరుగుతుంది."

ఈ ఇంట్లో ఆ కూర ఇప్పుడు ఎవరు తింటున్నారో ఇద్దరికీ తెలుసు.

"మీకేం కూర ఇష్టం అత్తయ్యా?"

"మీ మామగారికయితే వంకాయ..." అని మొదలుపెట్టి ఆగింది. "వీడికేమో చిన్నప్పట్నించీ..." అని మళ్ళీ ఆగింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ చాలాసేపు ఆలోచించింది. "ఏమో అమ్మాయ్. గుర్తు రావట్లేదు."

కోడలు తనకేం ఇష్టమో చప్పున చెప్పుకోబోయింది. నోటికి ఏదీ రాలేదు.

తరిగినంత మటుకే తీసుకుంది. మాడిన నూనె మార్చి, పొయ్యి మళ్ళీ వెలిగించి, ఆ కాసిని బీన్సూ వేయించి, రెండు పళ్ళేల్లో అన్నం పెట్టి, పొగలు కక్కే కూర పక్కన వేసింది. మిగిలింది బాణలిలో అడుగున రెండు గరిటెలే.

"వాడింకా తినలేదే?" అంది అత్తగారు భయంగా.

"కూర్చోండి అత్తయ్యా, చల్లారిపోతుంది."

పెద్దావిడ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా నేలమీద చతికిలబడింది. మొదటి ముద్దకే నాలుక కాలి, ఊదుకుంటూ చిన్నపిల్లలా నవ్వింది.

"అయిందా?" అంటూ గుమ్మంలోకి వచ్చాడు భర్త. పళ్ళేలు చూశాడు, బాణలి చూశాడు. "నాకేదీ?"

అలవాటుగా ఆమె చెయ్యి నేలకు ఆనింది, లేవడానికి. ఆ చేతినే మళ్ళీ పళ్ళెంలోకి తెచ్చుకుంది.

"ఉన్న ఓపిక ఇద్దరికే సరిపోయింది" అంది. "మిగతా బీన్స్ అక్కడే ఉన్నాయి. చాకు పక్కనే ఉంది."

అతను తల్లి వైపు చూశాడు. ఆవిడ తలెత్తలేదు. పళ్ళెం కోడలి వైపు జరిపి, "ఆ బాణలిలో ఉన్నదీ వేసెయ్యి, వేడిగా ఉంది" అంది.