భూకంపం మర్నాడు

కథలక్కకి కోపం వస్తే గొంతు లేవదు, ఇంకా తగ్గుతుంది. ఆఖరి అధ్యాయం తీసేశామని ఎడిటర్ గారు చెప్పిన రోజున ఆమె ఏమందో ఎదురుగా కూర్చున్న ఆయనకే సరిగా వినబడలేదు.

"ఏంటమ్మా?" అన్నారాయన కళ్లజోడు తుడుచుకుంటూ.

"ఉన్నదే రాశాను కదండీ అన్నాను."

"ఉన్నదంతా సండే స్కూల్లో చెప్తామా? పిల్లలకి భూకంపం చాలు. బాప్తిస్మంతో ముగిస్తే కథ నిండుగా ఉంటుంది. ఆ పైన గొడవ ఎందుకు? దైవసేవకుడు హక్కులూ చట్టాలూ అని పంతం పట్టాడంటే పిల్లలు ఏం నేర్చుకుంటారు?"

సండే స్కూలు పిల్లల కోసం సాహస కథలు రాసీ రాసీ ఆమెకి ఆ పేరు స్థిరపడిపోయింది. పిల్లలు మొదలుపెడితే పెద్దవాళ్లు కూడా కథలక్కా అనే పిలుస్తున్నారు. ఈసారి పుస్తకంలో నాయిక ఒక జైలు అధికారి కూతురు. విచారణ లేకుండా ఇద్దరు దైవసేవకులను నడివీధిలో కొరడాలతో కొట్టి, కాళ్లను బొండ అనే కొయ్య దుంగల్లో బిగించి, ఆ జైలు లోపలి గదిలో పడేస్తారు. రాత్రి భూమి కంపించి తలుపులన్నీ తెరుచుకుంటాయి. ఖైదీలు పారిపోయారనుకుని తండ్రి కత్తి దూసి తన ప్రాణం తీసుకోబోతుంటే, పిల్ల దీపం పట్టుకుని రాలిపడుతున్న సున్నంలో, దుమ్ములో పరిగెడుతుంది. మేమెవరమూ పోలేదు, ఇక్కడే ఉన్నాం అని చీకట్లోంచి ఒక గొంతు వినిపిస్తుంది. పిల్ల ఆ గాయాలు కడుగుతుంది, ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకుంటారు. అందరూ కథ అక్కడ ఆపుతారు. ఏ సండే స్కూల్లోనైనా అంతే.

కథలక్క వాళ్ల అమ్మ మాత్రం ఆపేది కాదు. "తెల్లారాక ఏమైందో తెలుసా?" అని మొదలుపెట్టేది. తెల్లవారగానే ఊరి అధికారులు భటులను పంపి, వాళ్లని చప్పుడు చెయ్యకుండా వెళ్లిపొమ్మని కబురు పెడతారు. దెబ్బలు తిన్న ఆ మనిషి కదలనంటాడు. నేనూ పౌరుణ్ణే, పౌరుణ్ణి విచారణ లేకుండా కొట్టకూడదని మీ చట్టంలోనే ఉంది, అందరి ముందూ కొట్టి ఇప్పుడు దొంగచాటుగా పంపిస్తారా, మీ అధికారులే రావాలి, వాళ్లే మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అంటాడు. అధికారులు హడలిపోయి వస్తారు, బతిమాలుకుంటారు. అమ్మ ఈ ముక్క చెప్పేటప్పుడు కొంగు నడుముకి దోపుకుని నిలబడి చెప్పేది. కథలక్కా, ఆమె తమ్ముడూ భూకంపం కన్నా దాని కోసమే కాచుకుని కూర్చునేవారు.

ఎడిటర్ గారు కొట్టేసింది సరిగ్గా ఆ అధ్యాయమే. అప్పటికి తమ్ముడికి శిక్ష పడి ఎన్నో రోజులు కాలేదు. కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి ఆమె ఒంట్లో పోట్లాడే ఓపిక లేదు. అచ్చుకి వెళ్లనిచ్చింది. అయినా ఆ పుస్తకం చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఒళ్లు మండేది.

తమ్ముడు తప్పు చేశాడు. అందులో ఆమెకి రెండో మాట లేదు. ఇద్దరు స్నేహితులతో కలిసి గోదాము తాళం పగలగొట్టాడు, అడ్డొచ్చిన కాపలా మనిషిని తోసేశాడు, ఆ ముసలాయన చెయ్యి విరిగింది. ఆసుపత్రికి వెళ్లి ఆ ముసలాయన మంచం పక్కన తల దించుకుని కూర్చుంది కథలక్కే. తమ్ముణ్ణి చెడామడా తిట్టింది కూడా ఆమే. కానీ పోయినసారి ములాఖత్‌లో ఇనుప జాలీకి అవతల తమ్ముడు అరచేయి నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడుతుంటే, చెయ్యి తియ్యరా అంది. తీశాడు. పైవరసలో ముందు పన్ను లేదు, పెదవి చీలి ఉంది. అప్పీలు వెయ్యడానికి వస్తున్న లాయర్ని గేటు దగ్గరే ఎందుకు తిప్పి పంపేస్తున్నారని అడిగాడట. వార్డరు లాఠీతో జవాబు చెప్పాడు. తమ్ముడు జడ్జి గారి పేర ఫిర్యాదు రాసి ఇచ్చాడు. ఇచ్చింది మళ్లీ ఆ జైలు ఆఫీసులోనే కాబట్టి అది అక్కడి గడప దాటలేదు.

"శిక్ష వేశారు, అనుభవిస్తున్నాడు. పళ్లు ఊడగొట్టమని తీర్పులో ఎక్కడుంది?" అని ఇంటికొచ్చి తమ్ముడి భార్యతో అంది. మరదలు ఆసుపత్రిలో నర్సు, అలాంటి దెబ్బలు రోజూ చూసే మనిషి. లేచి డ్యూటీకి బట్టలు మార్చుకుంది.

ఇప్పుడు ఖైదీల పిల్లల రోజు వచ్చింది. ఏడాదికి ఒకసారి పిల్లలు మధ్యన జాలీ లేకుండా తండ్రుల పక్కన కూర్చోవచ్చు. ఎడిటర్ గారి ప్రచురణాలయం వాళ్లు పుస్తకాలు పంచుతారు, కథలక్క కథ చదువుతుంది, ముఖ్య అతిథిగా జడ్జి గారు వస్తారు. మరదలికి సెలవు దొరకలేదు. కథలక్క మేనకోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లకి మొన్ననే పాలపన్ను ఊడింది. దాన్ని చేతిరుమాలు కొసన మూటకట్టి, నాన్నకి తప్ప ఎవరికీ చూపించనని భీష్మించుకుని కూర్చుంది.

హాల్లో రంగు కాగితాలు కట్టారు. గోడలకి కొత్తగా సున్నం వేశారు, ఆనుకున్నవాళ్ల వీపులకి అంటుకుంటోంది. ఒక్కొక్క తండ్రినే లోపలికి పంపుతున్నారు. పిల్లలు పేరు పేరునా ఎగిరి మీద పడుతున్నారు. చివరికి తండ్రి రాని పిల్ల మేనకోడలొక్కతే మిగిలింది.

"మీ నాన్నకి జ్వరం పాపా," అన్నాడు సూపరింటెండెంట్ వంగి, తేనెలో ముంచి తీసిన గొంతుతో. ఆ తర్వాత కథలక్కని తన గదిలోకి పిలిపించాడు. అక్కడ ఎడిటర్ గారు అప్పటికే కూర్చుని ఉన్నారు.

"చూడండి మేడం," అన్నాడు సూపరింటెండెంట్, "మాకూ పిల్లలున్నారు. మీ తమ్ముడు బాత్రూంలో జారిపడ్డానని ఒక్క ముక్క రాసి సంతకం పెడితే చాలు. పక్క గదిలో పాపని చూపిస్తాం. ఎంతసేపైనా కూర్చోవచ్చు. హాల్లోకి మాత్రం వద్దు."

ఎందుకు వద్దో చెప్పనక్కర్లేదు. హాల్లో జడ్జి గారున్నారు, తమ్ముడికి పన్ను లేదు.

"పిల్ల మొహం చూసైనా ఒప్పుకోమ్మా," అన్నారు ఎడిటర్ గారు. "క్షమించమని నేర్పేవాళ్లం మనం. మనమే పట్టుబడితే ఎలా?"

"క్షమించమని వీళ్లెక్కడ అడిగారండీ? దాచిపెట్టమంటున్నారు." ఆమె గొంతు ఎంత తగ్గిపోయిందంటే ఇద్దరూ ముందుకి వంగి వినాల్సి వచ్చింది. "వాడితో మాట్లాడాలి."

ఆఫీసు వెనక, పాత కుర్చీలు పేర్చిన సందులో తమ్ముణ్ణి నిలబెట్టి ఉంచారు. వార్డరు కాస్త దూరంగా గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. కొట్టింది వీడేనేమోనని కథలక్క ఒకసారి అతని చేతులవైపు చూసింది.

"పాప వచ్చిందా?" అన్నాడు తమ్ముడు, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే.

"వచ్చింది. పన్ను ఊడింది దానికి. నీకు చూపించాలని మూటకట్టుకొచ్చింది."

తమ్ముడు నవ్వబోయి ఆగిపోయాడు. కళ్లు తుడుచుకున్నాడు. "దాన్ని ఒక్కసారి ఎత్తుకోవాలని ఉందక్కా. సంతకం పెట్టమంటే పెట్టేస్తాను. నువ్వే చెప్పు. ఎదురు తిరిగితే సాయంత్రానికి మీరంతా ఇళ్లకెళ్లిపోతారు, నేను వీళ్ల చేతుల్లోనే ఉంటాను."

పెట్టెయ్యరా అని కథలక్కకి నోటిదాకా వచ్చింది. పిల్ల హాల్లో ఒంటరిగా కూర్చుని ఉంది. పక్క గది ఎంతో దూరంలో లేదు. ఒక్క అబద్ధంతో తండ్రీ కూతుళ్లు కలుస్తారు, ఎవరికి నష్టం? కానీ ఆ అబద్ధం మీద వీడు సంతకం పెట్టాక లాయరు రాడు, అప్పీలు ఉండదు, ఇంకో పన్ను ఊడినా అడగడానికి నోరుండదు.

"నీ పుస్తకం ఇక్కడి లైబ్రరీలో ఉందక్కా. చదివాను," అన్నాడు తమ్ముడు. "తెల్లారాక ఏమైందో లేదేంటి? అమ్మ చెప్పే ముక్క."

"తీసేశారురా."

"నువ్వు ఊరుకున్నావా?"

అందులో నిష్ఠూరం లేదు, నిజంగానే తెలియక అడిగాడు. అందుకే అది తిన్నగా వచ్చి తగిలింది. కథలక్క వాడి మూతికి అడ్డంగా ఉన్న చేతిని చూసింది.

"సంతకం పెట్టకు," అంది. "పాపకి నేను చెప్పుకుంటాను. కథ అయ్యాక జడ్జి గారి దగ్గరికి వెళ్తాను. వెళ్లనివ్వకపోతే అక్కడే కూర్చుంటాను."

"సరే," అన్నాడు తమ్ముడు. వాడి భుజాలు కొంచెం నిటారుగా అయ్యాయి.

ఆమె హాల్లోకి వచ్చేసరికి సూపరింటెండెంట్ జడ్జి గారి పక్కన ఈగ కూడా దూరనంత దగ్గరగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కథలక్క తల అడ్డంగా ఊపింది. అతని మొహంలో తేనె ఇంకిపోయింది. మేనకోడలు రుమాలు మూట పిడికిట్లో పట్టుకుని ముందు వరసలో కూర్చుని ఉంది.

కథలక్క చదవడం మొదలుపెట్టింది. ఎక్కడా తడబడకుండా చదివింది. భూమి కంపించినప్పుడు పిల్లలు తండ్రుల చొక్కాలు పట్టుకున్నారు. జైలు అధికారి కత్తి దూసినప్పుడు వార్డర్లు కూడా మెడలు చాచారు. బాప్తిస్మం అయింది, ఆఖరి పేజీ అయింది. ఎడిటర్ గారు చప్పట్లు కొట్టడానికి చేతులెత్తారు.

"తెల్లారాక ఏమైందో తెలుసా?" అంది కథలక్క.

ఎడిటర్ గారి చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. "అమ్మా, పుస్తకం అయిపోయింది," అన్నారు మెల్లగా.

"పుస్తకం అయిపోయిందండీ. కథ అవలేదు." ఆమె కొంగు నడుముకి దోపుకుంది. భటులు తెచ్చిన కబురు చెప్పింది, చప్పుడు చెయ్యకుండా వెళ్లిపొమ్మన్న సంగతి చెప్పింది. వీపు మీద దెబ్బలు ఆరని ఆ మనిషి ఏమన్నాడో అమ్మ ఎలా చెప్పేదో అలాగే చెప్పింది. అందరి ముందూ కొట్టారు కదా, ఇప్పుడు చాటుగా ఎందుకు? వాళ్లే రావాలి. ఖైదీల్లో ఒకాయన అబ్బా అని గట్టిగా నవ్వాడు, వెంటనే వార్డరు వైపు చూసి తల దించుకున్నాడు.

"మరి వచ్చారా అత్తా?" అంది మేనకోడలు.

"వచ్చారు."

"భటులు కాదు, పెద్ద ఆఫీసర్లే?"

"వాళ్లే. బతిమాలుకున్నారు కూడా."

పిల్ల లేచి గౌను సర్దుకుని, తిన్నగా సూపరింటెండెంట్ కుర్చీ దగ్గరికి వెళ్లింది. "మా నాన్నని కూడా మీరే వెళ్లి తీసుకొస్తారా?" అని అడిగింది.

"చెప్పాను కదా పాపా, జ్వరమని," అన్నాడతను నీళ్లు నములుతూ.

జడ్జి గారు పిల్లని చూశారు, అతన్ని చూశారు. "జ్వరమైతే నేనే వచ్చి చూస్తాను. ఏ వార్డులో ఉన్నాడు?"

"అయ్యో, మీకెందుకు శ్రమ మేడం, పిలిపిస్తాం," అని అతను వార్డరుకి సైగ చేశాడు.

"ఆయన కాదు," అంది పిల్ల. "మీరే."

"అడిగింది మిమ్మల్నే," అన్నారు జడ్జి గారు. ఆవిడ నవ్వలేదు.

సూపరింటెండెంట్ టోపీ తీసి పెట్టుకుని, మళ్లీ సర్దుకుని వెళ్లాడు. వచ్చేటప్పుడు తమ్ముడు ముందు, అతను వెనక. తమ్ముడి చెయ్యి నోటి మీదే ఉంది. పిల్ల పరిగెత్తుకెళ్లి, నోరు బార్లా తెరిచి, రుమాలు మూట పైకెత్తింది. "నాన్నా, నా పన్ను ఊడింది చూడు."

ఎత్తుకోవాలంటే రెండు చేతులూ కావాలి. తమ్ముడు నోటి మీది చెయ్యి తీసేశాడు.

"నీకూ ఊడిందా?" పిల్లకి పట్టరాని సంతోషం. చంకలోంచి వాడి పెదవిని వేలితో పైకెత్తి చూసింది. "మళ్లీ వస్తుందిలే నాన్నా. అమ్మ చెప్పింది."

"నాకు రాదురా బంగారం."

"ఎందుకు రాదు? ఎలా ఊడింది?"

"బాత్రూంలో..." అని సూపరింటెండెంట్ మొదలుపెట్టాడు. జడ్జి గారు చెయ్యెత్తి ఆపారు. కుర్చీ తమ్ముడి వైపు తిప్పుకుని, "పాప అడిగింది ఆయన్ని," అన్నారు. "ఆయన్నే చెప్పనివ్వండి."

తమ్ముడు అక్క వైపు చూశాడు. వార్డర్లు కూడా ఆమె వైపే చూశారు.

"చెప్పరా," అంది కథలక్క. ఈసారి ఆమె గొంతు వెనక గోడ దాకా వినిపించింది.

కూతుర్ని కిందికి దించకుండానే తమ్ముడు చెప్పడం మొదలుపెట్టాడు.