మొగిలవ్వ కషాయం

కోరుట్లలో నాటువైద్యం చేసే మొగిలవ్వ మందు పనికిరానిది. పదకొండేళ్లు తాగి ఆనందం అనే ఆయన తేల్చిన మాట అది.

అతనిది తంగళ్ళపల్లి. సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపి బతికినవాడు. ప్రోస్టేట్ గ్రంథి వాపు అనీ, మొండిదనీ, తగ్గుతూ తిరగబెడుతూ ఉంటుందనీ కరీంనగర్ డాక్టరు ఎప్పుడో చెప్పాడు. మాత్రలు పడలేదు. అప్పటి నుంచి భార్య శంకరవ్వ నెలనెలా కోరుట్ల పోయి పొడి తెచ్చి, కాచి ఇచ్చేది. ఆనందం పెట్టిన షరతు ఒక్కటే: తన పేరు బయటికి రాకూడదు, కన్నకొడుక్కైనా తెలియకూడదు. మగవాడికి అక్కడ జబ్బంటే వాడ వాడంతా నవ్వుతుంది.

శంకరవ్వ చనిపోయి ఏడు నెలలు. పొడి ఎప్పుడో అయిపోయింది, మంట పెరిగింది. పనికిరాని మందే కానీ, లేకపోతే బతుకు మరీ అధ్వానం. మొగిలవ్వను నాలుగు మాటలు అడిగి, పొడి తెచ్చుకుందామని బయలుదేరాడు.

సకల జనుల సమ్మె. బస్సుల్లేవు. ఎక్కిన జీపు వేములవాడ దాటగానే ఆగింది. రోడ్డు మీద వంటావార్పు. గంటన్నరలో ఆనందం మూడుసార్లు పొదల చాటుకు పోయొచ్చాడు. వడ్డిస్తున్న బాలవ్వ అనే ముసలామె అది కనిపెట్టింది.

"ఏందే అన్నా, తెలంగాణ అచ్చెదాక గూడ ఆగవా?"

బంతి బంతంతా నవ్వింది. ఆమె మాత్రం అతని ఆకులో ఇంకో గరిటె పప్పు పోసింది.

కోరుట్ల చేరి మొగిలవ్వకు శంకరవ్వ చనిపోయిన సంగతి చెప్పాడు. పాపం ఆమె మంట చివరికైనా తగ్గిందా అని అడిగింది మొగిలవ్వ.

"ఆమెకేం మంట? గా బాధ నాది," అన్నాడు ఆనందం. బయటి మనిషితో ఆ మాట అనడం అదే మొదలు.

మొగిలవ్వ నెత్తి పట్టుకుంది. శంకరవ్వ తనకే జబ్బని చెప్పిందట. ఇన్నేళ్లూ ఇచ్చింది ఆడవాళ్ల మూత్రం మంటకు మందట. మగవాళ్ల గ్రంథి వాపుకు ఇచ్చే పల్లేరు కాయలు, ఉలిమిరి చెక్క కషాయం వేరట. అదీ డాక్టరు కాగితం చూడందే ఇవ్వదట.

"నా తాన రోగి మొదటి మోతాదు నా ముందట్నే తాగాలె తమ్మీ. శంకరవ్వ నెలనెలా ముక్కు మూసుకోని తాగేది. కండ్లల్ల నీళ్లచ్చేటియి. 'ఇంకింత ఘాటుగ ఇయ్యి అక్కా, మంట పోతలేదు' అనేది."

కోరుట్ల పోయొచ్చిన రోజున శంకరవ్వ అన్నం ముట్టేది కాదు. బజార్లో మిర్చీలు తినొచ్చావని ఆనందం దెప్పేవాడు. ఆమె అవుననేది.

ఆనందం ఎక్కువ ఆలోచించలేదు. అటు నుంచి అటే జగిత్యాల పోయి డాక్టరుకు చూపించుకున్నాడు. చీటీ మీద తన పేరే రాయించాడు. ఈసారి వేరే మాత్రలు తెచ్చుకున్నాడు. మర్నాడు కోరుట్ల తిరిగొచ్చి ఆ కాగితం మొగిలవ్వ ముందు పెట్టి, ఆమె ఇచ్చిన గ్లాసు ఒక్క గుక్కలో తాగాడు. ముక్కు మూసుకోలేదు. నాలుక మొద్దుబారింది. శంకరవ్వ ఇంతకంటే చేదు తాగిందా అని అడిగాడు. ఇంతే చేదని చెప్పింది మొగిలవ్వ.

ఇంటికొచ్చాక కొడుకు రాజేశ్ సంచిలో పొడి చూశాడు.

"బాపూ, అమ్మ మందు ఇప్పుడెవలికి? గా మంట అమ్మకు గన్నేండ్లెట్లుండె?"

ఆనందం కోడలి ముందే జవాబు చెప్పాడు.

"గది మీ అమ్మకు లేకుండె. నాది. నేనే చెప్పొద్దన్న. ఇగ గీ ముచ్చట నన్నెన్నడు అడుగకుండ్రి."

వాళ్లు అడగలేదు. అతనూ మళ్లీ ఎత్తలేదు.