స కాదు, చ

"చాలు" అంది సీతాలు ఫోన్లోకి, నోరు జాగ్రత్తగా తిప్పి. ఫోన్లోని పిల్ల ఒడియాలో ధన్యవాదాలు చెప్పి, వేలంలో సీతాలు పేరు మీద కానాగంత చేపల ధర కిలోకి పది రూపాయలు పెంచింది.

వినపడలేదేమో అనుకుంది సీతాలు. కొత్త చేపల హాలుకు రేకుల కప్పు. నాలుగు పడవల సరుకు ఒక్కసారే దిగడంతో లోపల చెవులు గింగుర్లెత్తుతున్నాయి. ఫోను నోటి దగ్గరగా పెట్టుకుని, ఈసారి పిల్లలకు పాఠం చెప్పినట్టు విడమరిచి "చాలు, చాలు" అంది. పిల్ల మళ్ళీ ధన్యవాదాలు చెప్పింది. ధర మళ్ళీ పెరిగింది. అవతల విశాఖలో ఎక్కడో కూర్చుని పాడుతున్న ఐసు కంపెనీ మనిషి ఇంకో పది వేశాడు. దాని మీద సీతాలు తరఫున మిషను తనంతట తనే మరో పది వేసింది. ఆమె అరిచినకొద్దీ అది ఎక్కింది. చివరికి ఐసు కంపెనీ ఆగిపోయింది. గంట మోగి, గోడ మీది తెరలో సీతాలు పేరు పచ్చగా వెలిగింది. కిలో రెండు వందల పది.

బరంపురం గేట్ బజారులో కానాగంతలు కిలో నూట అరవైకి పోతే ఆ రోజు సీతాలు టీతో పాటు బజ్జీ కూడా తింటుంది.

పక్కనే గంప పట్టుకుని నిలబడ్డ తులసి ఆమె మొహంలోకి చూసింది. ఇద్దరూ రోజూ ఒకే ఆటోలో బరంపురం వెళ్ళి, ఒకే అరుగు పంచుకుని చేపలమ్ముతారు.

"ఒదినా, నువ్వేటన్నావు? సాలు అన్నావా, చాలు అన్నావా?"

"చాలు అన్నాను. మిషనుకి మన స రాదు గదేటి."

"ఒడియాలో చాలూ అంటే ఏటొదినా? ఫేను చాలూ సెయ్యి అనవా నువ్వు? నడపమన్నావు, అది నడిపేసింది."

నవ్వు వచ్చే మాటే. చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. సీతాలు కూడా నవ్వింది. తర్వాత సరుకు తీసుకునే గడువు దాటి తెర మీద తన పేరు పచ్చరంగు నుంచి ఎరుపుకు మారుతుంటే ఆ నవ్వు అలాగే మొహం మీద ఉండిపోయింది.

సీతాలుకు ఒడియా రాక కాదు. గేట్ బజారులో ఒడియా ఇల్లాళ్ళతో బేరాలాడి నెగ్గే మనిషి. అయితే నూకలపేట నూలియా వాళ్ళకు, తాతల నాడే ఒడిశా ఒడ్డుకు చేరిన తెలుగు జాలర్లకు, ఊళ్ళో ఒడియా వేరు, ఒడ్డున చేపల పాట వేరు. పాట ఎప్పుడూ తెలుగులోనే. పడవ ఒడ్డెక్కగానే చేపలు ఇసుక మీద పోగు పోసేవారు. ఆడవాళ్ళు గంపలు వెల్లకిలా పెట్టుకుని చుట్టూ కూర్చునేవారు. సీతాలు తమ్ముడు గురువులు పాట పిలిచేవాడు. ధర తన తాహతు దాటిందనుకున్న మనిషి "సాలు" అని గంప బోర్లించేది. గురువులు "సీతక్క సాలూ" అని రాగం తీసి పక్క మనిషి వైపు తిరిగేవాడు. సాలు అన్నాక అమ్మోరొచ్చి అడిగినా ఆ మనిషి పేరున ధర పెంచేవాళ్ళు లేరు. ఆడదాని మాటకు విలువిచ్చిన చోటు నూకలపేటలో బహుశా అదొక్కటే.

గురువులు కొడుకే పవన్. బరంపురంలో ఇంజనీరింగు చదివాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి మేనత్త గంప పక్కన కూర్చుని ఎండుచేపలు నమిలినవాడు. బజారులో టోకు వర్తకులు ఆడవాళ్ళను ధరల దగ్గర మోసం చేస్తున్నారని అతనికి నిజంగానే కడుపు మండింది. ఏ బజారులో ఏ చేప ఎంతకు పోతోందో ఒడ్డునే చెప్పేసే యాప్ ఒకటి తయారుచేశాడు. అక్షరం రానివాళ్ళు కూడా మాట్లాడి వాడుకోవచ్చు. ఆడవాళ్ళు దాన్ని "ఒడియా పిల్ల" అని ముద్దుగా పిలుచుకున్నారు. ఆ ఏడాది వాళ్ళకు నిజంగానే నాలుగు డబ్బులు మిగిలాయి. ఈ మాట దాచడం న్యాయం కాదు.

ప్రభుత్వం మెచ్చుకుని డబ్బిస్తానంది. ఇస్తే లెక్క చూపాలి కాబట్టి, సరుకంతా యాప్ లోనే అమ్మాలంది. అందరూ ఇసుక వదిలి రారు కాబట్టి, ఇసుక మీద అమ్మిన పడవకు డీజిలు రాయితీ లేదని ఆర్డరు వేసింది. ఊరి సరుకంతా ఒక్క చోటికి చేరుతోందని తెలిశాక ఐసు కంపెనీ వచ్చి పవన్ కంపెనీలో పెట్టుబడి పెట్టింది. పెట్టుబడి పెట్టినవాడు విశాఖ నుంచే పాడతానన్నాడు. దూరం నుంచి పాడేవాళ్ళు వచ్చేసరికి దొంగ పాటలు మొదలయ్యాయి. దొంగ పాటలు ఆపడానికి ఆఫీసు ఇంకో రూలు పెట్టింది. పాడేవాళ్ళంతా మూడు వేలు డిపాజిట్ కట్టాలి. పాట గెలిచి సరుకు తీసుకోకపోతే డిపాజిట్ పోతుంది, నంబరు నెల్లాళ్ళు మూత. ఒకదాని వెనక ఒకటి, ప్రతి అడుగూ సబబుగానే ఉంది. సీతాలుకు కీడు చెయ్యాలని వీళ్ళలో ఎవరూ అనుకోలేదు. అనుకుని ఉంటే ఎవరినో ఒకరిని పట్టుకుని తిట్టడానికైనా వీలుండేది.

తెలుగు మాత్రం ఆ మిషనులో లేదు. మంజూరైంది ఒడియాకే. తెలుగు చేర్చాలంటే మళ్ళీ ఆఫీసు ఒప్పుకోవాలి, మళ్ళీ ఖర్చు. ఒక్క రేవు కోసం ఎందుకంది ఐసు కంపెనీ. పవన్ ఎలాగోలా చేపల పేర్లు మాత్రం తెలుగువి చొప్పించాడు. అవైనా ఆడవాళ్ళు "సందువ" అంటే పిల్లకు అర్థమయ్యేది కాదు. అప్పుడతను మేనత్తను కూర్చోబెట్టి వారం రోజులు పలుకు నేర్పాడు. "స కాదత్తా, చ. సందువ కాదు, చందువ." సీతాలు వంట చేస్తూ, నడుస్తూ, మంచంలో ఉన్న మొగుడికి గంజి పడుతూ చ చ అనుకుంది. పక్షవాతంతో నోరు పడిపోయిన పోతయ్య తనను చీదరించుకుంటోందనుకుని ఒక పూట గంజి తాగలేదు. అలా నేర్చుకుంది. నేర్చుకున్న నోటితో, ఈ పొద్దున పాట తాహతు దాటినప్పుడు, పాట విడవడానికి మిషనుకు చెప్పాల్సిన ఒడియా మాట "ఛాడొ" రాలేదు. ముప్పై ఏళ్ళుగా ఉన్న మాటే వచ్చింది. దాన్ని కూడా దిద్దుకుని పలికింది.

పవన్ హాలు చివర అద్దాల గదిలోంచి వచ్చాడు. అప్పటికే తులసీ వాళ్ళూ తమ చేపలు ఐసులో సర్దుకుంటున్నారు. వాళ్ళ తప్పు లేదు, సెప్టెంబరు ఎండకు చేప ఆగదు. కానాగంతల పడవవాడు సీతాలును తినేసేలా చూస్తున్నాడు. గెలిచినవాళ్ళు తీసుకోకపోతే, రెండో పాటగాడికి మొదలుపెట్టిన ధరకే ఇవ్వాలన్నది ఇంకో రూలు. ఐసు కంపెనీకి ఆ సరుకు కిలో తొంభైకి దక్కింది. హాలు గోడ మీద పెద్ద బేనరు ఉంది. దాని మీద ఫోను పట్టుకుని నవ్వుతున్నది సీతాలే. ప్రారంభం రోజున తీసిన ఫోటో.

"నా నంబరు మూత తియ్యరా" అంది సీతాలు, మెల్లగానే.

అది తన చేతిలో లేదన్నాడు పవన్. ఫిర్యాదు నమోదవుతుందని, దానికి రెండే జవాబులుంటాయని చెప్పాడు. తప్పు మిషనుదా, మనిషిదా. మిషనుదైతే పాట రద్దవుతుంది, డిపాజిట్ వస్తుంది. కాని వచ్చే నెల ఇంకా ఎనిమిది రేవుల్లో ఇదే మిషను పెట్టే కాగితాలు ఆఫీసులో ఉన్నాయి. మిషను మాట తప్పు వింటోందని తేలితే ఆ కాగితాలు అక్కడే ఆగిపోతాయి. ఐసు కంపెనీ రెండో విడత ఇవ్వదు. కంపెనీలో పనిచేసే పిల్లలకు జీతాలుండవు. గేటు దగ్గర కాపలా ఉన్న నాన్నకు కూడా.

గురువులు గేటు దగ్గర నీలం యూనిఫాంలో నిలబడి ఉన్నాడు. పాట హాల్లోకి వచ్చాక పాట పిలిచేవాడి అవసరం తీరిపోయింది. కొడుకు ఈ పని వేయించాడు. అక్క వైపు చూడకుండా, వచ్చే పోయే ఆటోలను చూస్తున్నాడు.

"డిపాజిట్ మూడు వేలూ నా జేబులోంచి ఇచ్చేస్తానత్తా. సాయంత్రమే ఇస్తాను" అన్నాడు పవన్.

"మరి నెల్లాళ్ళు?"

ఆ నెల ఎలాంటిదో అతనికీ తెలుసు. దసరా వరకే బేరం. తర్వాత కార్తీకంలో ఒడియా ఇళ్ళలో నీచు ముట్టరు. అది అయ్యేసరికి తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలమని సముద్రం మూసేస్తారు, మళ్ళీ ఎండాకాలం పోయేదాకా వల పడదు. ఈ నెల చేప దొరక్కపోతే సీతాలుకు ఈ ఏడాదే లేదు. పక్క రేవు మార్కండి వెళ్ళి అక్కడి ఒడ్డున కొందామంటే, అక్కడ ఎవరి చోటు వాళ్ళది. పక్క ఊరి గంపను పాటలో కూర్చోనివ్వరు. పోతయ్య మందులు, గంజిలోకి బియ్యం, సూరత్ మిల్లు నుంచి అప్పుడప్పుడూ తప్ప డబ్బు పంపలేని కొడుకు, అన్నీ ఆ నంబరు మీదే ఉన్నాయి.

పవన్ ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. చిన్నప్పుడు కూర్చున్నట్టే. ఫోను తీసి ఆమె ముందు పట్టుకున్నాడు.

"ఇది అడుగుతాదత్తా, తప్పు ఎవులిదని. నువ్వు 'భులొ మోరొ' అను. తప్పు నాదీ అని. ఆ ఒక్క మాటంటే సాలు."

సీతాలు అతని మొహంలోకి చూసింది.

"ఏటన్నావురా?"

"భులొ మోరొ అని..."

"ఆ ఎనకాల."

పవన్ కు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది.

"నీ నోట్లోనూ సాలే ఉంది గదరా నాయినా" అంది సీతాలు. "నాకెందుకు మార్పించినావు?"

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండునని పవన్ కు అనిపించింది. అతను చెడ్డవాడు కాడు. రాత్రుళ్ళు నిద్రపోకుండా కట్టుకున్న కంపెనీ ఇప్పుడతన్ని తన ఇష్టానికి నడుపుతోంది. ఆ సంగతి అత్తకు చెప్పుకోవాలని ఉంది అతనికి. చెబితే ఆమె ఓదారుస్తుందని కూడా తెలుసు. అందుకే చెప్పలేకపోయాడు. దబాయించబోయి బతిమాలాడు. తప్పు ఒప్పుకోకపోతే విచారణ పడుతుందన్నాడు. విచారణ తేలేదాకా నంబరు తెరుచుకోదు, అది నెలో మూడు నెలలో తెలీదు, అప్పుడు తన జేబులోంచి ఇచ్చినా లంచం కింద లెక్కేస్తారని ఇవ్వలేనన్నాడు. అన్నీ నిజాలే. ఒప్పుకుంటే ఒక నష్టం, ఒప్పుకోకపోతే రెండు.

ఆటో హారన్ కొట్టింది. తులసి గుమ్మం దాకా వచ్చి, ఒదిన ఖాళీ గంపను చూసి, వెనక్కి తిరిగి ఆటో ఎక్కింది. రోజూ సీతాలు కూర్చునే చోట ఆటోలో ఇంకొకరు ఎక్కారు. గేట్ బజారులో తులసి ఇవాళ అరుగు మొత్తం పరుచుకుని కూర్చుంటుంది. రేపు కూడా. ఎల్లుండికి ఆ చోటు వేరే ఎవరిదో అవుతుంది.

పవన్ మీట నొక్కాడు. ఒడియా పిల్ల మర్యాదగా నమస్కారం చెప్పి, ఈ ఫిర్యాదులో తప్పు ఎవరిదో చెప్పమని అడిగింది.

సీతాలు ఫోను వైపు చూడలేదు. పక్కనున్న గంప అందుకుంది. నాలుగేళ్ళ నాటి వెదురు గంప, అంచుకు నైలాను తాడు చుట్టి ఉంది. దాన్ని నీళ్ళు కారుతున్న సిమెంటు నేల మీద బోర్లించింది.

"సాలు" అంది.

"దయాకరి ఆఉ థరే కుహంతు" అంది పిల్ల. దయచేసి ఇంకోసారి చెప్పండి.

"అత్తా" అన్నాడు పవన్.

"సాలు."

పిల్ల మళ్ళీ అదే అడిగింది, అదే మర్యాదతో. గేటు దగ్గర గురువులు తల తిప్పాడు. అన్నేళ్ళ అలవాటు, అతని గొంతులోంచి "సీతక్క సాలూ" అని సన్నగా రాగం వచ్చేసింది. హాల్లో మిగిలిన ఒకరిద్దరు అటు చూశారు. గురువులు టోపీ సర్దుకుని మళ్ళీ ఆటోల వైపు తిరిగాడు. పక్క మనిషి వైపు తిరగడానికి అక్కడ పాటా లేదు, పక్కన మనిషీ లేదు.

సీతాలు బోర్లించిన గంప దగ్గర నుంచి కదల్లేదు. పవన్ చేతిలో ఫోను ఇంకోసారి చెప్పమని అడుగుతూనే ఉంది.