ఎవరి ముఖం వాళ్ళ చేతికి

"తరగొద్దే, చెక్కు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు? పాస్టీలోకి టర్నిప్ చెక్కాలి," అంది వెన్నా, కుర్చీలోంచి.

మెరిన్ చెక్కుతూనే ఉంది, మాంసంతో పాటు పిండిలో మడిచి కాల్చడానికి. దుంప ఎడమ అరచేతిలో పెట్టుకుని, పొట్టి కత్తితో పల్చటి పెచ్చులు గిన్నెలోకి రాలేట్టు చెక్కుతోంది. బల్ల మీద పెట్టి చదరంగా కోస్తే ఈ రెడ్రూత్ ఊళ్ళో ఆ పాస్టీ కుక్క కూడా ముట్టదని అత్తగారి మాట. చెక్కుతూండగానే కత్తి పిడి విరిగింది. బొటనవేలి పక్క తెగింది. రక్తం టర్నిప్ మీద పడింది.

"కడుగు, కడుగు. మావాడు చూశాడంటే తినడు," అంది వెన్నా.

కడగమన్నది వేలినా, దుంపనా అని అడగనక్కర్లేదు. మెరిన్ దుంప కడిగింది.

ఆ ఇంటికొచ్చి అయిదేళ్ళు. వచ్చిన ఏడాదికే వెన్నాకి నడుము కింద చచ్చుబడింది. పొద్దున లేపడం, కూర్చోబెట్టడం, ఒళ్ళు తుడవడం, మందులు వెయ్యడం, పక్క మార్చడం అన్నీ మెరిన్ చేతి మీదే. "ఇంట్లో కూర్చునేదానివే కదా," అంటాడు మొగుడు డెన్జిల్. నిజానికి ఆ ఇంట్లో కూర్చునేది వెన్నా ఒక్కతే. పాస్టీలు కాల్చే ముందు కొసన పిండితో అక్షరం అంటిస్తారు, ఎవరిది వాళ్ళు తీసుకోడానికి. డెన్జిల్‌కి అతని అక్షరం, వెన్నాకి ఆవిడ అక్షరం. మిగిలిన పిండితో మెరిన్ తనకోటి చేసుకుంటుంది. దాని మీద ఏమీ ఉండదు. మొదట్లో ఒకసారి తన అక్షరం పెట్టుకోబోతే వెన్నా నవ్వింది. "ఎందుకే? ఎవరిదో తెలియడానికి కదా అక్షరం. మిగిలింది ఎవరిదో తెలిసిందేగా."

బయటికి వెళ్ళాల్సిన పని ఉండదు. సరుకులు శనివారం డెన్జిల్ కారులో, ఊరి బయటి పెద్ద అంగట్లో. కారు తోలడం నేర్చుకుందామని పెళ్ళికి ముందు ఆమె లైసెన్సు కార్డొకటి తీసుకుంది. దాని మీద ఫొటో, పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. "ఒక ఇంటికి ఇద్దరు డ్రైవర్లా?" అని డెన్జిల్ దాన్ని తన పర్సులో పెట్టుకున్నాడు. "నీ దగ్గరుంటే పారేస్తావు," అన్నాడు. అప్పుడది ప్రేమ అనుకుంది.

ఇప్పుడు ఆ కార్డు కావాలి. కిందటి వారమంతా వెన్నాని కొండ మీది వృద్ధుల ఇంట్లో ఉంచారు. రోజూ మెరినే వెళ్ళి ఆవిడకి స్నానం చేయించింది. వేరే చెయ్యి పడితే వెన్నా ఒప్పుకోదు. ఆ ఇల్లు నడిపే మిసెస్ పాస్కో రెండు రోజులు గుమ్మంలో నిలబడి చూసింది. మూడో రోజు అంది, "నువ్వు ఊరికే చేస్తున్న ఈ పనికి ఇక్కడ జీతం ఇస్తారమ్మాయ్. వెనకవైపు గది కూడా ఉంది, ఉండటానికి. నువ్వు నువ్వేనని చూపించే కార్డొకటి పట్టుకురా. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం దాకా చూస్తాను. ఆ తర్వాత వేరే మనిషిని పెట్టుకోవాలి."

కార్డు పర్సులో, పర్సు జేబులో, జేబు అతని ఒంటి మీద. కొత్త కార్డుకి రాస్తే అది పోస్టులో వస్తుంది. పోస్టు తీసేది అతనే. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? పుట్టింటి దారి ఎప్పుడో మూసుకుపోయింది. నాన్న లేడు. అమ్మ ఇంకొకాయన్ని చేసుకుని ప్లిమత్ వెళ్ళిపోయింది. ఇవన్నీ మెరిన్ ఎవరితోనూ అనలేదు. గిన్నెలు తోముతూ, పక్క మారుస్తూ, లోపల్లోపలే తిప్పుకుంటూ ఉంటుంది. తిప్పినకొద్దీ అదే గోడ.

ఇవాళ బుధవారం.

మధ్యాహ్నం వెన్నా నిద్రపోయాక వేలికి గుడ్డ చుట్టుకుని బజారులోని ఇనుప సామాన్ల కొట్టుకి వెళ్ళింది. కత్తులు గల్లా వెనక అద్దాల బీరువాలో తాళం వేసి ఉన్నాయి. గల్లా దగ్గర కొట్టావిడ లవ్‌డే. అరవై దాటిన మనిషి, మెడలో దారానికి కళ్ళజోడు.

"ఆ చిన్నది ఇస్తారా?"

"కార్డు చూపించు, పిట్టా."

"నాకు ఇరవయ్యారు."

"ఉండొచ్చు. నాకు కనపడేది పదహారు." గోడ మీది కాగితం చూపించింది. ఇరవై అయిదు దాటినట్టు కనపడకపోతే కత్తీ, జిగురూ, తూము కడిగే మందూ ఏదీ కార్డు చూడకుండా అమ్మరు. "మొన్న తనిఖీవాళ్ళు ఓ చిన్నపిల్లకి లిప్‌స్టిక్ పూసి పంపించారు, మేం అడుగుతామో లేదోనని. పక్క కొట్టు అమ్మాయి అడగలేదు. ఉద్యోగం ఊడింది."

వెనక రంగు డబ్బా పట్టుకున్నాయన నవ్వాడు. "ఇంటికెళ్ళి అమ్మని తీసుకురా, పాపా!"

మెరిన్ చెవులు కాలిపోయాయి. నిన్ననే ఒక పెద్ద మనిషిని రెండు చేతులా ఎత్తి మంచం మీదికి చేర్చింది. పొద్దున్నే ఆ మనిషి మలం కడిగింది. ఇంతా చేసి ఒక కూరగాయల కత్తి కొనుక్కునే వయసు రాలేదన్నమాట.

"కార్డు లేదా?" అంది లవ్‌డే.

"ఉంది. మా ఆయన దగ్గరుంటుంది."

"నీ కార్డా?"

"నేను పారేస్తానని."

లవ్‌డే గల్లా తుడుస్తున్న గుడ్డ ఆపింది. మెరిన్ వేలి కట్టు చూసింది. ముఖం చూసింది. "ఎవరమ్మా మీ ఆయన?"

"డెన్జిల్ రో."

"ఓ. వెన్నా కొడుకా." "అయితే అతన్ని తీసుకురా. కార్డు లేకపోతే అతనికి కూడా అమ్మను."

ఇంటికి వస్తూ దారిలో మెరిన్‌కి తట్టింది. సాకు దొరికింది! కత్తి కోసం కార్డు. ఒక్క పూట చాలు. రాత్రి భోజనం దగ్గర, ముందే అనుకున్న మాటలు ఒకటొకటిగా అంది.

డెన్జిల్ పగలబడి నవ్వాడు. "వింటున్నావా అమ్మా? కత్తి అమ్మలేదట! పదహారేళ్ళనుకుందట ముసల్ది!"

"కత్తి కొనడం కూడా చేతకాదు మహాతల్లికి," అంది వెన్నా. "ఇవాళ పాస్టీ చూశావా? చదరాలు, చదరాలు."

"రేపొక్క పూట కార్డిస్తే నేనే తెచ్చేసుకుంటా, డెన్జిల్. సాయంత్రం ఇచ్చేస్తాను."

"కత్తికి కార్డెందుకే? రేపు పని నుంచి రాగానే నేను వస్తా. నా గడ్డం చూసి కూడా అడుగుతుందా? వచ్చి చూసి నేర్చుకో."

అంతే. సాకు అయిపోయింది.

గురువారం పొద్దున వెన్నా వీపు తుడుస్తూ మెరిన్ కిటికీలోంచి కొండ వైపు చూసింది. నడిచి వెళ్ళిపోవచ్చు. కాళ్ళు తనవే. వెళ్ళి ఎవరినని చెప్పాలి? ఎల్లుండి ఈపాటికి ఆ వెనక గదిలో ఇంకెవరో పెట్టె సర్దుకుంటూ ఉంటారు. మిసెస్ పాస్కో తనను తప్పు పట్టదు, మర్చిపోతుంది. ఈ గదిలో ఈ వీపు ఉంటుంది. ఇంకో పదేళ్ళు ఉండొచ్చు. ఆ తర్వాత ఈ కుర్చీలో డెన్జిల్ కూర్చుంటాడు. అతని వీపు. కిటికీ అద్దంలో తన ముఖం కనిపించింది. లవ్‌డే అన్నది నిజమే. ఈ ఇంట్లో ఎవరూ చూడని ముఖం పదహారేళ్ళ దగ్గరే ఆగిపోయింది కాబోలు. చెయ్యి ఆగినందుకు వెన్నా కసిరింది. నీళ్ళు చల్లారిపోతున్నాయంది.

సాయంత్రం డెన్జిల్ ముందు, మెరిన్ వెనక కొట్టులోకి వచ్చారు. పని దిగొచ్చే వేళ, నలుగురైదుగురు మనుషులున్నారు.

"ఆ చిన్న కత్తి ఇవ్వు, లవ్‌డే."

లవ్‌డే తాళం తియ్యలేదు. "ఎవరికి?"

"ఇంటికి."

"ఇంటికి చేతులుండవు నాయనా. వాడేదెవరు?"

"ఇదిగో, ఇదే. టర్నిప్ చెక్కడానికి."

"అయితే కుదరదు. చిన్నపిల్ల కోసం పెద్దవాళ్ళొచ్చి కొన్నా అమ్మకూడదు."

"చిన్నపిల్లేంటి? నా పెళ్ళాం!"

"అని నువ్వంటున్నావు."

"నన్నెరగవా? మా అమ్మనెరగవా?"

"నిన్నెరుగుదును. మీ అమ్మా నేనూ ఒకే బళ్ళో చదివాం, ఆవిడనింకా బాగా ఎరుగుదును. ఈ పిల్లనే ఎరగను. పెళ్ళయి ఎన్నాళ్ళయింది?"

"అయిదేళ్ళు!"

"అయిదేళ్ళా? ఇంత చిన్న ఊళ్ళో అయిదేళ్ళుగా ఉన్న మనిషిని నిన్న దాకా నేను చూళ్ళేదా?"

వెనక ఎవరో అన్నారు, "పెళ్ళినాడు నువ్వైనా కార్డు అడిగావా డెన్జిల్?" నవ్వులు.

డెన్జిల్ మెడ ఎర్రబడింది. ఇంట్లో నవ్వించడం అతని పని, నలుగురిలో నవ్వులపాలవడం అలవాటు లేదు. పర్సు తీశాడు. తన కార్డు వెనకనుంచి ఇంకో కార్డు లాగి గల్లా మీద విసిరాడు. "చూసుకో!"

లవ్‌డే కళ్ళజోడు పెట్టుకుంది. తొందరేం పడలేదు. "తలెత్తు, పిట్టా."

మెరిన్ తలెత్తింది. లవ్‌డే ఫొటో చూసింది, ముఖం చూసింది. ముక్కు, కళ్ళు, నుదురు, మళ్ళీ కళ్ళు. తన ముఖాన్ని ఎవరైనా ఇంతసేపు చూసి ఎన్నాళ్ళయిందో మెరిన్‌కి గుర్తులేదు. ఏడుపొచ్చేట్టుంది.

"పేరు?"

"మెరిన్."

"మొత్తం."

"మెరిన్ ట్రెగియర్."

"ఇప్పుడది కాదు," అన్నాడు డెన్జిల్.

"కార్డు మీద అదే ఉంది. ఎక్కడ పుట్టావు?"

"న్యూలిన్‌లో."

"ఇరవయ్యారు. నిన్న నిజమే చెప్పావు. తప్పు నాదే."

డెన్జిల్ చెయ్యి చాపాడు, అరచెయ్యి పైకి పెట్టి. ఆ చెయ్యి దాటి వెళ్ళింది కార్డు. లవ్‌డే దాన్ని మెరిన్ అరచేతిలో పెట్టి, ఆ వేళ్ళు తన చేత్తో మూసింది.

"ఎవరి ముఖం వాళ్ళ చేతికే. కొట్టు పద్ధతి."

అలాంటి పద్ధతి ఉందో లేదో. ఆవిడ అప్పుడే బీరువా వైపు తిరిగి తాళం తీస్తోంది.

"ఇటివ్వు," అన్నాడు డెన్జిల్. గట్టిగా అనలేదు. ఇంట్లో తలుపులు వేశాక మాట్లాడే గొంతది.

ఆ గొంతుకి మెరిన్ చెయ్యి దానంతటదే లేస్తుంది. లేచింది కూడా, సగం దాకా. కార్డు అంచు తెగిన వేలికి గుచ్చుకుంది. ఇస్తే అయిపోతుంది. కారు, ఇల్లు, వెన్నా మందుల వేళ. వెన్నా ఒక్కతే ఉంది ఇంట్లో, కుర్చీలోంచి లేవలేదు. ఎవరు లేపుతారు? తనను తానే మళ్ళీ అడిగింది. ఎవరు లేపుతారు? కొడుకున్నాడు. రెండు చేతులున్నాయి, ఇక్కడే, ఒకటి చాచి ఉంది. ఒంటి మీద బట్టలు తప్ప ఏమీ లేవు తన దగ్గర. కొండెక్కేసరికి చీకటి పడుతుంది. మిసెస్ పాస్కో తలుపు తీస్తుందో లేదో. తియ్యకపోతే? తియ్యకపోతే రేపు మధ్యాహ్నం దాకా ఆ గుమ్మంలోనే కూర్చోవాలి. అంతకంటే ఏం తోచలేదు.

"నీకే చెప్పేది," అన్నాడు డెన్జిల్.

మెరిన్ పిడికిలి కోటు జేబులో పెట్టుకుంది. వెనక్కి నడిచింది. వెనకున్నవాళ్ళు దారిచ్చారు. తలుపు మీద భుజం ఆనించింది.

లవ్‌డే కత్తి చేత్తో పట్టుకుని, డెన్జిల్ తలమీదుగా ఆమెనే అడిగింది.

"కత్తి చుట్టమంటావా, పిట్టా?"

"చుట్టండి," అంది మెరిన్. "ఆయనకే ఇవ్వండి. రేపట్నుంచి టర్నిప్ చెక్కుకోవాల్సింది ఆయనే."