నడికట్టు

తెల్లారితే పరదేశి బెల్లం దిమ్మ ఎత్తి చూపించాలి. ఎత్తలేకపోతే అనకాపల్లి మార్కెట్‌లో బరువులు మోసే కళాసీల జట్టు నుంచి అవుటే.

"నడుం పట్టీసిందని ఎన్నాళ్లు కూకుంటావు బావా? ఎత్తు. లేదంటే ఇంటికాడ ఈగలు తోలుకో" అన్నాడు మేస్త్రి తాతబ్బాయి.

ఇల్లంటేనే పరదేశికి భయం. కిందటి వానల్లో భార్య కుమారి పోయాక ఇంట్లో మాటే లేదు. మార్కెట్‌లో అలా కాదు. ఇద్దరూ కలిసి పనిచేసిన చోటు. ఏ మూల చూసినా ఆమె దిమ్మలు సర్దుతున్నట్టే ఉంటుంది.

సాయంత్రం ఫిజియోథెరపిస్టు బిందుమాధవి దగ్గరికి వెళ్లి రేపటి సంగతి చెప్పాడు. ఆమె అతన్ని మోకాళ్ల మీద, అరచేతుల మీద వంగోబెట్టింది.

"కుడి చెయ్యి ముందుకి, ఎడం కాలు వెనక్కి. నడుం కదలకూడదు."

కదల్లేదు. రాయిలా ఉంది. మరి నొప్పి ఎందుకు తగ్గడం లేదు? ఆమె అనుమానంగా నడుం తట్టింది. చొక్కా కింద ఏదో గట్టిగా తగిలింది.

"ఏంటిది బాబాయ్?"

"నడికట్టమ్మా. కట్టకుండా కళాసీ ఒంగుతాడేటి?"

"ఇంట్లో ఎక్సర్‌సైజూ దీంతోనేనా?"

"మరీ బిగించి సేత్తన్నాను!"

బిందుమాధవి తల పట్టుకుంది. "పొట్ట చుట్టూ, వెన్ను పక్కనా ఉన్న కండలు బిగిసి వెన్నుపూసల్ని నిలబెట్టాలి. ఆ పని గుడ్డ చేసేస్తుంటే కండలకి బలమెలా వస్తుంది? విప్పు."

పరదేశి చెయ్యి ముడి మీదే ఆగిపోయింది. అది పాత పసుపు చీర చీలిక.

"మా ఇంటిది కట్టీది. ఎనకనించి మోకాలానించి లాగీది. ఊపిరాడట్లేదే అంటే, బరువెత్తేక ఆడుద్దిలే అనీది." గొంతు తగ్గింది. "ఇప్పుడు నేనే కట్టుకుంటన్నాను. దాని బిగువు రాట్లేదు."

పరదేశి ముడి విప్పాడు. మళ్లీ చెయ్యి చాచాడు. ఈసారి నడుం గజగజ వణికింది.

"ఇప్పుడు కండలు పని చేస్తున్నాయి. రేపు ఒక్క దిమ్మే. పొట్ట బిగించు, మోకాళ్లు వంచు. దిమ్మని గుండెకి ఆనించుకో. దూరంగా పట్టుకుంటే నడుం మీద భారం ఎన్నో రెట్లవుతుంది."

పొద్దున జట్టంతా చూస్తోంది. పరదేశి వంగాడు. ఖాళీ నడుం మీదికి చెయ్యి ఒకసారి వెళ్లి వచ్చింది. పొట్ట బిగించాడు. దిమ్మను గుండెకు అదుముకుని లేచాడు.

ముక్కు కిందే కొత్త బెల్లం వాసన. కుమారి కొంగు వాసన.

"సాలు బావా, నీ సోటు నీదే. దించు" అన్నాడు తాతబ్బాయి.

పరదేశి దించలేదు.

"దించీయ్ బావా!"

ఇంకాసేపు అలాగే నిలబడ్డాడు.